రెప్ప మూసెడి నరము: సర్ చార్లెస్ బెల్ జీవితము

బిడ్డను ప్రేమతో పెంచిన తల్లిని గూర్చి చెప్పునపుడు మన పెద్దలు కంటికి రెప్పవలె కాపాడినదందురు. క్షణకాలమును చెప్పవలసినపుడు రెప్పపాటు అందురు. దేవతలకు అనిమిషులని పేరు. వారు రెప్ప వేయరు. దమయంతి స్వయంవరమున నలుగురు దేవతలు నలుని రూపము దాల్చి కూర్చుండగా, నిజమైన నలుని ఆమె గుర్తించిన ఆనవాళ్లలో రెప్పపాటు ఒకటి. దేవతల మాట యెట్లున్నను, మనుష్యునకు రెప్ప పడకపోవుట వైభవము కాదు, ఆపద. మూతపడని కన్ను ఆరిపోవును. ఆరిన కన్ను పుండుపడును. తుదకు చూపే పోవచ్చును. ఈ రెప్పను మూయు నరమేదో, ముఖమునకు స్పర్శజ్ఞాన మిచ్చు నరమేదో వైద్యులకు స్పష్టముగా తెలియని కాలమొకటి ఉండెను. ఆ తెలియమివలన రోగులు చెప్పరాని నష్టము పొందిరి. ఆ చిక్కును విడదీయుటకు పూనుకొని, చాలవరకు విడదీసి, కొంత తానే చిక్కుపడిన సర్ చార్లెస్ బెల్ చరిత్రమును ఈ సంచికలో మా చదువరులకు చెప్పదలచితిమి.

చార్లెస్ బెల్ 1774వ సంవత్సరము నవంబరు నెలలో స్కాట్లండు రాజధానియగు ఎడింబరోలో జన్మించెను. తండ్రి విలియం బెల్ క్రైస్తవ మతాచార్యుడు. కొద్దిపాటి ఆదాయముతో పెద్ద సంసారమును ఈదుచు 1779లో ఆయన మరణించెను. అప్పటికి చార్లెస్ పసివాడు. బిడ్డల భారమంతయు తల్లిమీద పడెను. ఆమె చార్లెస్‌కు అక్షరములు నేర్పెను. బొమ్మలు గీయుటయు నేర్పెను. పాఠశాలలో ఆ బాలుడు ఎన్నడును పేరు పొందలేదు. తన చదువంతయు తల్లి చెప్పినదేననియు, అన్నలను చూచి తాను నడక నేర్చితిననియు పెద్దవాడైన పిమ్మట ఆయన అనెడివాడు. ఇంటిలో నేర్చిన చదువును తక్కువగా చూడరాదని మేము వేరుగ చెప్పనక్కరలేదు; మా చదువరులలో అనేకులకు తెలుగు అక్షరము మొదట తల్లి యొడిలోనే అబ్బినది.

అన్నలలో జాన్ బెల్ ప్రసిద్ధ శస్త్రవైద్యుడు. ఎడింబరోలో స్వంతముగా శరీర నిర్మాణశాస్త్ర పాఠశాల నడపుచుండెను. జార్జి జోసఫ్ బెల్ న్యాయశాస్త్ర పండితుడు. చార్లెస్ జాన్ వద్ద శవచ్ఛేదము నేర్చెను. డేవిడ్ అలన్ అను చిత్రకారుని వద్ద చిత్రలేఖనమును అభ్యసించెను. ఈ రెండు విద్యలు ఆయనయందు ఒక్కటిగా పెనవేసికొనెను. శవచ్ఛేదమును నేర్పు గ్రంథమొకటి 1798లోనే, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, తన చేతిబొమ్మలతో ప్రకటించెను. మరుసటి సంవత్సరము ఎడింబరో శస్త్రవైద్యుల సంఘములో చేరెను.

అయితే జాన్ బెల్ కలము పదునైనది; విశ్వవిద్యాలయమున వైద్యాచార్యుడగు జేమ్స్ గ్రెగరీ కలము అంతకన్న పదునైనది. వారిరువురి నడుమ కరపత్రముల యుద్ధము జరిగెను. ఫలితముగా ఎడింబరో రాజ వైద్యశాల తలుపులు అన్నకే కాక తమ్మునికిని మూతపడెను. ఆసుపత్రి లేని శస్త్రవైద్యుడు నాగలి లేని కాపు వంటివాడు. చార్లెస్ 1804లో, ముప్పదియేండ్ల వయసున, లండను చేరెను. అచట ఆయనకు ఆప్తులు లేరు. లీస్టరు వీధిలో ఒక పాతయిల్లు తీసికొని, చిత్రకారులకు శరీర నిర్మాణమును బోధించుచు కాలము గడపెను. ఆ దినములలో అన్న జార్జికి ఆయన వ్రాసిన ఉత్తరములు మిక్కిలి దిగులుతో నిండియున్నవి.

ఆ దిగులులోనుండియే 1806లో ఆయన మొదటి గొప్ప గ్రంథము వెలువడెను. కోపము, భయము, దుఃఖము, నవ్వు కలిగినపుడు ముఖమున ఏ కండరము ఏరీతిగా కదలునో చిత్రములతో వివరించు గ్రంథమది. చిత్రకారులకొరకు వ్రాసినదైనను, వైద్యులును దానిని ఆదరించిరి. పసిబిడ్డ గట్టిగా ఏడ్చునపుడు కన్నులెందుకు గట్టిగా మూసికొనును? బెల్ ఇట్లు తలపోసెను: బిగ్గరగా ఏడ్చునపుడు, దగ్గునపుడు, తుమ్మునపుడు రొమ్ములోని ఒత్తిడి హెచ్చి రక్తము తలకు ఎగదట్టును, కంటిలోని సన్నని రక్తనాళములకు హాని కలుగకుండ రెప్పలచుట్టునున్న కండరము బిగిసి కన్నును వెలుపలనుండి అదిమిపట్టును. తరువాత 1872లో భావప్రకటనను గూర్చి గ్రంథము వ్రాసిన చార్లెస్ డార్విను, బెల్ సిద్ధాంతములు కొన్నిటిని త్రోసిపుచ్చినను, ఈ వివరణమును స్వీకరించెను.

1809లో స్పెయినుదేశపు కొరున్నా యుద్ధమునుండి గాయపడిన సైనికులు ఓడలలో తిరిగిరాగా, బెల్ హాస్లర్ ఆసుపత్రికి పోయి వారికి చికిత్స చేసి, వారి గాయములను తైలవర్ణములతో చిత్రించెను. 1815లో వాటర్లూ యుద్ధవార్త వినగానే బ్రస్సెల్సు నగరమునకు పరుగెత్తెను. అచట మూడు దినములు తెల్లవారినది మొదలు చీకటిపడువరకు శస్త్రములు చేసెను. వస్త్రములు నెత్తురుతో అట్టలు కట్టెను. చేతులు సత్తువ తప్పెను. గాయపడిన మొగములను, అవయవములను అప్పుడు ఆయన గీసిన చిత్రములు నేటికిని భద్రముగా ఉన్నవి. వానిలో వీరరసము లేదు. బాధ మాత్రమే ఉన్నది.

ఈ నడుమ 1811లో ఆయన మేరియన్ షా అను యువతిని వివాహమాడెను. మరుసటి సంవత్సరము గ్రేట్ విండ్‌మిల్ వీధిలోని ప్రసిద్ధ శరీర నిర్మాణ పాఠశాలను కొనెను. విలియం హంటరు స్థాపించిన పాఠశాల అది. మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో శస్త్రవైద్య పదవియు లభించెను. ఇక ఆయన పరిశోధనలకు కొదువ లేకపోయెను.

ఆ పరిశోధనలు అర్థము కావలెనన్న, మొదట కంటిగుంట నిర్మాణము కొంత తెలిసికొనవలెను. పుర్రెలోని కంటిగుంట గుండ్రని గిన్నె వంటిదని చాలమంది అనుకొందురు. అది నిజముగా నాలుగు పలకల గరాటు వంటిది. ముందు వెడల్పు, వెనుకకు పోనుపోను ఇరుకు. దాదాపు నాలుగున్నర సెంటిమీటర్ల లోతుండును. ఏడు ఎముకలు కలిసి దాని గోడలైనవి. పైకప్పు నొసటి ఎముక, వెలుపలి వైపు చెంప ఎముక, ఇవి గట్టివి. ముక్కు వైపు గోడ మాత్రము మిక్కిలి పలుచన; లాటినుభాషలో దానికి కాగితపు రేకని అర్థము వచ్చు పేరు పెట్టినారు. క్రింది నేలయు పలుచనిదే. పిడికిలిపోటు తగిలినపుడు అంచు నిలిచి, ఈ నేల పగులుట కలదు. గుంటలో దాదాపు ముప్పది మిల్లీలీటర్ల చోటుండగా, కనుగ్రుడ్డు ఆక్రమించునది ఏడు మాత్రమే. తక్కిన చోటంతయు మెత్తని క్రొవ్వు, ఆరు కదలిక కండరములు, రెప్పనెత్తు కండరము, నరములు, రక్తనాళములు, పై వెలుపలి మూలన అశ్రుగ్రంథి నిండియుండును. దీర్ఘరోగమున ఈ క్రొవ్వు కరిగినపుడు కన్నులు గుంటలు పడినవందుము. చూపునకు మూలమైన నరము గరాటు కొననున్న రంధ్రముగుండ మెదడునకు పోవును.

రెప్పయు సామాన్యమైనది కాదు. శరీరమంతటిలో పలుచని చర్మము దానిదే. చర్మము క్రింద కంటిచుట్టు వలయముగా చుట్టుకొన్న కండరము. దాని వెనుక రెప్పకు ఆకారమిచ్చు గట్టి పలక. ఆ పలకలో నిలువుగా అమరిన చమురుగ్రంథులు. లోపల కనుగ్రుడ్డును తాకు నున్నని తడిపొర. చమురుగ్రంథులను 1666లో వర్ణించిన హైన్రిఖ్ మైబోమ్ పేరనే వానిని నేటికిని పిలుతురు. ఆ చమురు కన్నీటి పొరపై తేలి, అది త్వరగా ఆరిపోకుండ కాపాడును. మనము నిమిషమునకు దాదాపు పదిహేనుమార్లు రెప్ప వేయుదుము. వేసిన ప్రతిసారి కన్నీరు కంటిపై సమముగా పరచుకొనును. మిగిలినది ముక్కు ప్రక్కనున్న సూదిబెజ్జముల వంటి రంధ్రములగుండ ముక్కులోనికి జారును. ఏడ్చినవారికి ముక్కు కారుట ఇందువలననే.

మా కథకు ముఖ్యమైన సంగతి ఇక వచ్చుచున్నది. రెప్పను ఎత్తునది ఒక కండరము, మూయునది మరియొకటి. ఎత్తు కండరము కంటిగుంట లోపలి కొననుండి బయలుదేరి పైరెప్పలో నాటుకొనును. దానిని ఆజ్ఞాపించునది మెదడునుండి వెలువడు పండ్రెండు జతల నరములలో మూడవది. మూయు కండరము వలయాకారపుది. దానిని ఆజ్ఞాపించునది ఏడవ నరము. మూడవది గుంటలోనికి వెనుకనుండి వచ్చును. ఏడవది చెవి వెనుకనుండు ఎముకలోని ఇరుకైన సొరంగముగుండ పోయి, చెవిక్రింద వెలికి వచ్చి, చెంపమీదుగ కొమ్మలై కంటిని చేరును. ఒకే తలుపును తెరచు త్రాడు ఒక ఇంటినుండియు, మూయు త్రాడు మరియొక వీధినుండియు వచ్చినట్లున్నది ఈ ఏర్పాటు. రెప్పపైని, కంటిపైని స్పర్శను మెదడునకు కొనిపోవునది మరల వేరొకటి, అయిదవ నరము. కంట నలుసు పడగానే అయిదవ నరము వార్త కొనిపోవును, ఏడవ నరము రెప్ప మూయును. తలంచుటకైనను మనకు వ్యవధి ఉండదు.

నేడు విద్యార్థులు వల్లెవేయు ఈ పాఠము 1820 ప్రాంతమున ఎవరికిని స్పష్టముగా తెలియదు. అయిదవ నరమును ఏడవ నరమును ముఖమంతట అల్లుకొనియుండుటచే, రెండును రెండు పనులు చేయునని వైద్యులు నమ్ముచుండిరి. ముఖమున కత్తితో పొడిచినట్లు వచ్చు భయంకరమైన నరపు నొప్పి ఒకటి కలదు. దానిని మాన్పుటకు కొందరు శస్త్రవైద్యులు ఏడవ నరమును కోసివేయుచుండిరి. నొప్పి పోలేదు, అది అయిదవ నరమునకు సంబంధించినది. కోసిన వైపు ముఖము మాత్రము వ్రేలాడెను, నోరు వంకరపోయెను, కన్ను మూతపడదయ్యెను. నొప్పికై వైద్యుని వద్దకు పోయినవాడు నొప్పితోపాటు మూయరాని కన్నును పట్టుకొని ఇంటికి వచ్చెను. శాస్త్రములోని చిన్న అస్పష్టత మనుష్యుని ముఖమున ఎంత పెద్ద గాయము చేయగలదో దీనివలన తెలియును.

బెల్ 1821లో రాయల్ సొసైటీ యెదుట చదివిన వ్యాసమున ఈ రెండు నరములను వేరుపరచెను. గాడిదయందు ఏడవ నరమును తెంచినపుడు ముక్కుపుట ఊపిరితో కదలుట మానెను. స్పర్శ మాత్రము చెడలేదు. అయిదవ నరపు కొమ్మను తాకినపుడు జంతువు తీవ్రమైన బాధ కనబరచెను. ఆసుపత్రిలో చెవిక్రింద దెబ్బ తగిలినవారిని, గడ్డ లేచినవారిని పరీక్షింపగా వారియందును ఇదియే కనబడెను: ముఖము చచ్చుబడినది, చురుక్కుమను తెలివి చెడలేదు. ఏడవ నరమును నొప్పికై కోయుట వ్యర్థమని దీనితో తేలెను. ముఖకవళికలను ఏండ్లతరబడి గీసిన చేతికే ఈ భేదము పట్టుబడుట మాకు వింతగా తోచదు.

అయితే ఆ పరిశోధనలోనే పొరపాటును దొరలెను. అయిదవ నరపు కొమ్మలను కోసిన గాడిద పెదవులతో గింజలను ఏరుకొనలేకపోగా, ఆ నరము పెదవులను కదలించునదియని బెల్ భావించెను. గాడిద పెదవి కదలింపలేకపోలేదు. గింజ తగులుట దానికి తెలియలేదు. ఆయన శిష్యుడే యైన హెర్బర్టు మేయో ఆ పిమ్మట దీనిని సరిదిద్దెను.

1823లో కంటిగుంటలోని కండరములను, నరములను గూర్చి బెల్ ప్రకటించిన వ్యాసములు మా విషయమునకు మరింత దగ్గరివి. ఏడవ నరము చచ్చుబడిన రోగిని కన్ను మూయుమన్నపుడు రెప్ప కదలదు. కాని కనుగ్రుడ్డు పైకి తిరిగి, నల్లగ్రుడ్డు పైరెప్ప చాటునకు పోయి, తెల్లగ్రుడ్డు మాత్రమే కనబడును. రోగమువలన ఇది క్రొత్తగా కలిగినది కాదనియు, ఆరోగ్యవంతులు కన్ను మూసినప్పుడును రెప్ప చాటున ఇదియే జరుగుచున్నదనియు బెల్ గ్రహించెను. విద్యార్థులు దీనిని తమయందే పరీక్షించుకొనవచ్చును. కన్నులు మూసి, శుభ్రమైన వ్రేలిని పైరెప్పపై మెల్లగా ఆనించి, అటుపై రెప్పలను గట్టిగా బిగించినచో, నల్లగ్రుడ్డు మీది ఉబ్బు పైకి జరుగుట వ్రేలికి తెలియును. అందరియందును ఇది సమముగా ఉండదు, కొందరిలో కానరాదు. రెప్ప ఓడినప్పుడు కనుగ్రుడ్డే తన్ను తాను కొంత దాచుకొనుచున్నదన్నమాట. దీనికి నేటికిని బెల్ పేరే నిలిచియున్నది. ఈ కదలికను కంటిగుంటలో వాలుగా నుండు రెండు కండరములు కలిగించునని ఆయన చెప్పినది మాత్రము నిలువలేదు. కన్నును పైకి లాగు నిట్టకండరమే దీనికి ముఖ్యకారణమని తరువాత తేలెను.

ఇచట ఒక వివాదమును దాటిపోరాదు. వెన్నెముకనుండి వెలువడు ప్రతి నరమునకు ముందొక మూలము, వెనుకొక మూలము కలవు. ముందుదానివలన కదలిక, వెనుకదానివలన స్పర్శ. ఈ సూత్రము మొదట ఎవరిది? 1811లో బెల్ నూరు ప్రతులు మాత్రము అచ్చువేయించి మిత్రులకు పంచిన చిన్న పుస్తకమున, ముందు మూలమును తాకినపుడు కండరములు కదలినవని వ్రాసెను. వెనుకదాని పని స్పర్శయని ఆయన చెప్పలేదు. చెప్పలేకపోవుటకు కారణము మనసును కలచునది. జంతువును బాధించుట ఆయనకు సహింపరానిది; అందుచే కుందేలును ముందుగా స్పృహ తప్పించి పరీక్షించెను. స్పృహలేని జంతువు స్పర్శను గూర్చి ఏమి చెప్పగలదు? 1822లో ఫ్రాన్సుదేశమున ఫ్రాన్స్వా మజాండీ స్పృహలోనున్న కుక్కపిల్లలపై ఆ ప్రయోగమును చేసి, రెండు మూలముల పనిని స్పష్టముగా ప్రకటించెను. బెల్ పక్షమువారు ఆ కీర్తి తమదేయనిరి. అంతటితో ఆగక, 1824లో తన పూర్వవ్యాసములను గ్రంథముగా కూర్చునపుడు బెల్ వానిలోని మాటలను క్రొత్త జ్ఞానమునకు అనుగుణముగా మార్చి, మార్చితినని చెప్పక ప్రకటించెను. జాలిగల చేయియే ఈ పనియు చేసెను. ఆయనయందు మాకు గల గౌరవము దీనిని కప్పిపుచ్చుటకు చాలదు. నేడు ఆ సూత్రమునకు బెల్–మజాండీ సూత్రమని ఇరువురి పేర్లును పెట్టియున్నారు.

ముఖమున ఒకవైపు అకస్మాత్తుగా చచ్చుబడు వ్యాధికి బెల్ పక్షవాతమని పేరు. దీనిని ఆయనకు చాల పూర్వమే పారశీక వైద్యుడు అల్ రాజీ వర్ణించియుండెను. 1798లో జర్మనుదేశీయుడు ఫ్రీడ్‌రైఖ్ వర్ణించెను. అయినను, ఏ నరము చెడుటవలన ఇది కలుగునో చూపినవాడగుటచే బెల్ పేరే స్థిరపడెను. తలిదండ్రులకొక్క మాట. రాత్రి బాగుగా పండుకొన్నవారు తెల్లవారి లేచునప్పటికి నోరు వంకరయై, ఒక కన్ను మూతపడకుండినచో మనవారు నూనెలతోను, పసరులతోను దినములు గడపుట కలదు. ఏడవ నరమే చెడినచో ఆ వైపు నొసలు ముడుతపడదు. మెదడులోని రక్తనాళము చెడినచో సాధారణముగా నొసలు ముడుతపడును. కాని ఈ భేదమును నిర్ణయించుట వైద్యుని పని. రెంటిలో ఏదైనను వెంటనే ఆసుపత్రికి పోవలెను. బెల్ పక్షవాతమునకు మూడు దినములలోపల మందు మొదలిడినచో గుణము హెచ్చు. చాలమందికి కొన్ని వారములలోనో నెలలలోనో ముఖము మరల స్వాధీనమగును. అంతవరకు చుక్కలమందుతో పగలు కన్నును తడిగా ఉంచి, రాత్రి లేపనము వేసి రెప్పను అంటించి మూయుదురు; నరము కోలుకొనులోపల కన్ను చెడకుండుటకే ఈ కాపుదల.

మన దేశమున రెప్ప మూతపడమికి మరియొక కారణము కుష్ఠువ్యాధి. అది ఏడవ నరపు కొమ్మలను చెరచును. కొందరిలో అయిదవ నరమును కూడ చెరచును. అప్పుడు రెప్ప మూతపడదు, నలుసు పడినదియు తెలియదు. కణతవద్ద నమలుటకు ఉపయోగపడు కండరమునుండి ఒక పాయను తెచ్చి రెప్పలకు కట్టు శస్త్రచికిత్స ఇట్టివారికి కలదు. ఆ కండరమును ఆజ్ఞాపించునది అయిదవ నరములోని కదలిక పాయ. అందుచే పండ్లు బిగించినపుడు కన్ను మూతపడును. బెల్ విడదీసిన రెండు నరములలో ఒకదాని పనిని మరియొకదానిచే చేయించుటయే ఇది.

ఆయన ఉత్తరజీవితమును సంగ్రహముగా చెప్పెదము. 1828లో క్రొత్తగా తెరచిన లండను విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, అధికారులతో పొసగక 1830లో విరమించెను. 1829లో రాయల్ సొసైటీవారి రాజపతకము, 1831లో సర్ బిరుదము లభించెను. 1833లో మనుష్యుని హస్తమును గూర్చి వ్రాసిన గ్రంథము బహుళ ప్రచారము పొందెను. తన్ను ఒకనాడు వెలివేసిన ఎడింబరోయే 1836లో ఆయనను శస్త్రవైద్యాచార్య పదవికి పిలిచెను. ఆయన సంతోషముగానే పోయెను. కాని అచట సంపాదన కొద్ది. పాత మిత్రులు కొందరు లేరు. గుండెనొప్పి తరచుగా బాధింపసాగెను.

1842 ఏప్రిలులో భార్యతో లండనునకు పోవుచు, దారిలో ఊస్టరు పట్టణము దగ్గర హాలో అను పల్లెలో మిత్రుల యింట బస చేసిరి. ఆ మధ్యాహ్నము ఆయన చర్చి తోటలోనికి పోయి, చెట్లను, నదీతీరమును చూచుచు బొమ్మలు గీసెను. ఆ చోటు ప్రశాంతముగా ఉన్నదనియు, అచటనే విశ్రమింప కోరికయనియు భార్యతో అనెనట. తెల్లవారునప్పటికి, ఏప్రిలు 28వ తేదీన, గుండెనొప్పితో మరణించెను. ఆయనను ఆ చర్చి తోటలోనే పూడ్చిపెట్టిరి. పెద్దగా ఆస్తి మిగులలేదు. ప్రభుత్వము ఆయన భార్యకు సంవత్సరమునకు నూరు పౌనుల భరణ మేర్పరచెను. అన్న జార్జికి చార్లెస్ వ్రాసిన ఉత్తరములను ఆమె దాచియుంచి 1870లో ప్రకటించెను. లీస్టరు వీధిలోని పాతయింటి దిగులును, వాటర్లూ గాయములను మనమిపుడు తెలిసికొనుచున్నది ఆ ఉత్తరములవలననే.